ఖల్లివెల్లి తీగ

ఈ జాగ పేరు సజా.
షార్జా దాటినంక, ఇసుకకూ ఇనుముకూ నడుమ.
మా దిక్కు సజా అంటే శిక్ష.
అరబ్బీల ఏమంటరో
పదకొండేండ్లయినా నేను అడుగలేదు.

పొద్దుగాల ఐదింటికి
చచ్చిన కంప్యూటర్లు బోర్ల పడుకొని ఉంటయి.
స్క్రూలు విప్పుత, మూత తీస్త.
పచ్చ బోర్డు మీద సన్నటి దారులు
ఆకును పురుగు తొలిచిన గీతల్లెక్క.
రాగి ఒక డ్రమ్ముల, అల్యూమినియం ఒక డ్రమ్ముల,
బంగారు పూత పిన్నులు మాత్రం
సుకుమారన్ కండ్ల ముందట, తాళమేసే డబ్బాల.
బ్యాటరీలతోని పైలం.
వాటికి కోపమొస్తే షెడ్డుకు షెడ్డే బూడిద.

రాగికి కనుడు రాదు.
నిప్పుల పోస్తే మళ్ల అదే పుడుతది,
పాత పేరుతోనే.

ఏసీ పైపు చుక్కలు కారే కాడ
ఎవలూ నాటని తీగ మొలిచింది.
ఏ రేవు దాటొచ్చిందో, ఏ ప్రింటర్ కడుపుల పండుకొనొచ్చిందో.
మెడికల్ లేదు, వేలిముద్ర లేదు,
ఏజెంటుకు కట్టిన లక్షా లేదు.
"ఉళింజ" అన్నడు సుకుమారన్, జర నవ్వి.
"లతాఫట్కరి" అన్నడు మొఫిజుల్,
ఆకు నూరి మోకాలికి కట్టుకుంటనని రెండు కొసలు తుంచిండు.
నాకు బుడ్డకాకర.
ముగ్గురం మూడు పేర్లు పెట్టినం,
అది ఒక్కదానికీ పలుకలేదు.

పాత కేబుళ్ల కుప్ప ఎక్కింది.
నల్ల వైరు ఏదో, పచ్చ తీగ ఏదో
మాపటికి నాకే తెలువకుంటయింది.
పువ్వు గోరంత, తెల్లగ.
దాని కాడకే రెండు నులితీగలు.
ముందుగాల దేన్నన్న పట్టుకుంటది, అటెంక పూస్తది.
మేమేమో పట్టు దొరుకకముందే లగ్గాలు చేసుకున్నోళ్లం.

కాయ అంటే గాలిబుడ్డ.
లోపల మూడు అరలు, అరకో విత్తు.
మిరియమంత నలుపు, మీద తెల్లటి గుండె గుర్తు.
ప్రేమ గుర్తనుకున్న మొదట.
కాదు,
తల్లిని కరుసుకొని ఉన్న కాడ
ఊడినంక మిగిలిన మచ్చ.
చిప్పు ఊడదీసిన బోర్డు మీద గూడ
గసొంటిదే ఉంటది,
వేలితోని తడిమితే గరుకుగ.

అప్పట్ల పోశెట్టి కంపెనీ ఇడిసిపెట్టి పోయిండు.
ఖల్లివెల్లి అయిండని క్యాంపంత గుసగుస.
కాగితం లేనోడు ఎక్కడ్నో బతుకుతుండు,
ఏదో ఒక చుక్క కాడ.

బలదియా చెకింగ్ ఉందని
బేస్తారం సుకుమారన్ చెయ్యి చూపెట్టిండు: పీకెయ్.
పీకిన.
బుడ్డలు టప్పు టప్పున పేలినయి కాళ్ల కింద.
విత్తులు ఎగిరి
ప్లాస్టిక్ ముక్కల సంచులల్ల పడ్డయి,
నలుపుల నలుపు.
జల్లెడ పట్టితే ఏరొచ్చు.
నా చేతిల జల్లెడ ఉండె.
పట్టలేదు.

చీటీ మీద రాసిండ్రు:
కలగలుపు ప్లాస్టిక్, పద్దెనిమిది టన్నులు.
గుల్ జమాన్ ట్రైలర్ కట్టుకొని
రేవు దిక్కు పోయిండు, దుమ్ము లేపుకుంట.
ఏ దేశంల దించుతరో, ఏ గోడ కాడ తడి దొరుకుతదో.
ఆడ దానికి నాలుగో పేరు పెట్టే మనిషి
ఇయ్యాల ఏం పని చేస్తుండో.

రాత్రి మొఫిజుల్ మోకాలు పట్టుకొని కూసున్నడు.
"ఆకు మొత్తం పీకితివి గద" అన్నడు.
మళ్లొస్తదన్న.
"ఎన్ని దినాలకు?"

ఏసీ దిక్కు చూసిన.
చుక్క
అదే తావుల పడుతుంది.